సొమ్మొకడిది, సున్నమొకడిది

అమీర్‌పేటలో ఇళ్లు కిరాయికిచ్చే పెద్దమనుషులకు పెద్ద దిగులే పట్టుకుంది. ఇల్లు పాతబడింది, బాగుచేయించాలి, డబ్బెట్లా? బ్యాంకు లోనా, బంగారం తాకట్టా, చిట్టీ పాడుకోవడమా? పంజాగుట్ట ద్వారకాపురి కాలనీలో సాయంత్రం నడకకు వెళ్లినా ఇదే గోడు. వింటుంటే నాకు ముచ్చటేస్తుంది. ఆ డబ్బు వాళ్ల చేతికి ఎప్పుడో వచ్చేసింది మరి, వాయిదాల్లో.

రెండు నెలల అడ్వాన్సు, ఖాళీ చేసేనాడు అందులోంచి ‘పెయింటింగ్’ పేరిట ఒక నెల అద్దె కోత. ఇది మన నగర ఆచారం. మైత్రీవనం చుట్టూ కోర్సులు చేసే పిల్లలు ఒకచోట ఎన్నాళ్లుంటారు? 11 నెలల అగ్రిమెంటు తీరేసరికి ఉద్యోగం దొరికి మాదాపూర్ వైపు వెళ్లిపోతారు. అద్దె 20,000 అనుకుంటే, ముగ్గురు మారేసరికి రంగుల పద్దు 60,000. మనుషులు మారతారు, గోడ మారదు. కొత్తగా దిగినవాడికి పాతవాడు కొట్టిన మేకులూ, అంతకుముందువాడి టైంటేబుల్ అంటించిన జిగురూ స్వాగతం పలుకుతాయి. అడిగితే, ‘‘మొన్ననే వేయించాం బాబూ’’ అంటారు ఓనర్ ఆంటీ. ఆ మొన్న 2017లో మెట్రో రాకముందటి మొన్న.

సర్కారు కూడా తక్కువేం చేయలేదు. మున్సిపల్ పన్ను పోగా మిగిలిన అద్దెలో 30 శాతం మీద ఆదాయపు పన్ను వేయదు. రిపేరు చేయించావా, బిల్లేదీ అని అడగదు. మేకు కూడా కొట్టించకపోయినా అంతే. నిజంగానే అప్పు తెచ్చి బాగుచేయిస్తే ఆ వడ్డీనీ అద్దె ఆదాయంలోంచి తీసేసుకోవచ్చు. ఇంతకన్నా పుట్టింటివారు ఏం పెడతారు?

ఇక బాగుచేయడమంటే ఏమిటో చూడాలి. హాలుకు అడ్డంగా ప్లైవుడ్ నిలబెట్టి, రెండు గదులని పిలిచి, మంచాలు ఇరికించి ‘హాస్టల్’ బోర్డు తగిలిస్తారు. బాత్‌రూం మాత్రం పాత ఒక్కటే. కిరాయి పెంచడానికి ఆ ప్లైవుడ్డే సాక్ష్యం.

గోడలు పాడుచేసే కిరాయిదారులు లేరని కాదు, ఉన్నారు. వాళ్ల దగ్గర బిల్లు చూపించి వసూలు చేయండి, ఎవరు కాదంటారు? కేంద్రం 2021లో రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టం, వేరే ఒప్పందం లేకపోతే గోడలకు సున్నం, తలుపులకు రంగు ఇంటి యజమాని బాధ్యతే అంది. కుళాయి వాషర్లు కిరాయిదారు లెక్క. రాష్ట్రం తనదిగా చేసుకుంటే తప్ప అది నమూనాయే. మన ఓనర్లకు నమూనాలంటే షాపులో రంగుల కార్డు చూడటం వరకే.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, దిగేరోజే గోడలన్నీ ఫోటోలు తీసి ఓనర్ వాట్సాప్‌కు పంపండి. రంగులు వేయించి బిల్లు చూపితేనే కోత అని అగ్రిమెంటులో రాయించుకోండి. రాయనంటే, అదే వీధిలో ఇంకో టూలెట్ బోర్డు ఉంటుంది.