వెల్లింగ్‌టన్‌లో రెండు రోజుల జగజ్జేత

ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో ఎవరు గెలవాలన్నది రింగులోకి దిగకముందే తేలిపోతుంది. తేల్చేవాడిని బుకర్ అంటారు. ఎవరు మంచివాడు, ఎవరు దుర్మార్గుడు, ఎవరు ఎవరి చేతిలో, ఎన్నో నిమిషంలో, ఏ పట్టుకు వెల్లకిలా పడాలి అన్నవన్నీ అతని చేతిలో పని. ఎముకలు విరిగితే మాత్రం వస్తాదువే. ఈ అధికారాన్ని ఇప్పుడు క్రియేటివ్ కంట్రోల్ అని గౌరవంగా పిలుస్తున్నారు. బాగా పేరున్న వస్తాదు దాన్ని ఒప్పందంలో రాయించుకుంటాడు. పేరు లేనివాడు బుకర్‌కు అల్లుడైతే రాయించుకోవాల్సిన అవసరమూ ఉండదు. కథ విని, క్లైమాక్స్‌లో తన చావు తీసేయించుకున్న హీరోలను చూసిన తెలుగు ప్రేక్షకుడికి ఇందులో అర్థం కానిదేమీ లేదు.

న్యూజిలాండ్‌లో ఈ విద్య మొదట రెజ్లింగ్ యూనియన్ నీడన పెరిగింది. ఔత్సాహికుల కుస్తీ, డబ్బు కుస్తీ రెండూ ఆ యూనియన్ కిందే ఉండేవి. అంటే పోటీ నిజమైన చోట జనం ఉండరు, జనం కిక్కిరిసిన చోట పోటీ సంగతి ఎవరూ గట్టిగా అడగరు; రెండో దాని డబ్బుతో మొదటిది బతుకుతుంది. 1930ల్లో ఆక్లండ్ టౌన్‌హాల్‌ను నింపిన లాఫ్టీ బ్లామ్‌ఫీల్డ్ ఈ ఏర్పాటుకు మూలస్తంభం. ఆక్టోపస్ క్లాంప్ అనే పట్టు అతని సొంత ఆస్తి. 1938లో అతను కెనడాలోని వాంకూవర్ వెళ్లి ప్రపంచ చాంపియన్ బ్రాంకో నగుర్‌స్కీతో తలపడ్డాడు. ఫలితం డ్రా. రెండు దేశాల్లోనూ టిక్కెట్ల అమ్మకానికి దెబ్బ తగలని ఫలితం అదొక్కటే.

తర్వాతి తరానికి వెల్లింగ్‌టన్ ప్రమోటర్ స్టీవ్ రిక్కర్డ్ పెద్దదిక్కయ్యాడు. అతని ఆల్ స్టార్ ప్రో రెజ్లింగ్ 1960ల్లో మొదలైంది. 1975 నుంచి టీవీలో వచ్చిన ‘ఆన్ ద మ్యాట్’ కార్యక్రమంతో కుస్తీ ఇంటింటి హాల్లోకి చేరింది. రిక్కర్డ్ స్వయంగా వస్తాదు కూడా. పోటీ పెట్టేదీ, పోటీ పడేదీ, ఎవరు గెలవాలో చెప్పేదీ ఒక్కరే అయినప్పుడు ఆ ఒక్కరు పలుమార్లు చాంపియన్ కావడంలో కుట్రేమీ లేదు. అభిప్రాయభేదానికి తావు లేకపోవడం వల్ల జరిగేదే అది.

అసలు కథ 1984 మార్చిది. అప్పట్లో ప్రపంచ చాంపియన్ అంటే నేషనల్ రెజ్లింగ్ అలయన్స్ చాంపియన్. 1948లో అమెరికా ప్రమోటర్లు పెట్టుకున్న ఈ కూటమిలో బెల్టు ఎవరికి ఇవ్వాలో పాలకమండలి ఓటు వేసి నిర్ణయించేది. ఓటు నెగ్గినవాడు రింగులో నెగ్గేవాడు. ఆ గెలిచినవాడు కూడా కూటమి దగ్గర డబ్బు డిపాజిట్ కట్టాల్సి వచ్చేది. బెల్టుతో సహా అవతలి కంపెనీకి పారిపోకుండా ముందుజాగ్రత్త అన్నమాట. లోకంలోకెల్లా బలశాలి అని ఊరూరా పోస్టర్లు వేసి, అదే మనిషిని అద్దె ఇంట్లో దిగేవాడిలా అడ్వాన్సు అడిగిన సంస్థ ఇది. భయం ఒట్టిది కాదు. బెల్టు తీసుకుని తన దగ్గరికి వచ్చేస్తే రెండున్నర లక్షల డాలర్లు ఇస్తానని అవతలి కంపెనీ యజమాని విన్స్ మెక్‌మాన్ 1983లో ఆశపెట్టాడని అప్పటి చాంపియన్ హార్లీ రేస్ తర్వాత చెప్పుకున్నాడు. రేస్ ఒప్పుకోలేదు. ఆ ఏడాది నవంబరు 24న గ్రీన్స్‌బరోలో, కూటమి చెప్పినట్టే, ఇనుప పంజరంలో రిక్ ఫ్లేర్ చేతిలో ఓడి బెల్టు అప్పజెప్పాడు.

నాలుగు నెలలకు ఆ ఇద్దరూ రిక్కర్డ్ పిలుపు మీద న్యూజిలాండ్ వచ్చారు. మార్చి 21న వెల్లింగ్‌టన్‌లో ఫ్లేర్ ఓడాడు, రేస్ మళ్లీ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. రెండు రోజుల తర్వాత, 23న, సింగపూర్‌లో బెల్టు తిరిగి ఫ్లేర్ నడుముకు చేరింది. చిక్కల్లా పాలకమండలి ఓటు వేయకపోవడమే. వెల్లింగ్‌టన్ జనం కళ్లారా చూసిన గెలుపు అమెరికాలో కూటమి కాగితాల మీద జరగలేదు. టిక్కెట్టు కొని, గొంతు చించుకుని అరిచి, చరిత్ర చూశామని ఇంటికి వెళ్లినవాళ్లకు చరిత్ర నుంచి రసీదు రాలేదు. సముద్రాల అవతల ఒక ఊళ్లో ఏదో సరదాగా జరిగితే అమెరికా ప్రేక్షకులకు చెప్పనక్కరలేదన్నది ఆనాటి విధానం.

దూరమే కారణమనుకుంటే పొరపాటు. అదే ఏడాది మే 6న టెక్సస్‌లో కెర్రీ వాన్ ఎరిక్ గెలిచాడు, 24న జపాన్‌లోని యొకోసుకాలో ఫ్లేర్ తిరిగి గెలిచాడు. ఈ రెండూ లెక్కలోకి ఎక్కాయి, ఎందుకంటే వాటికి ముందే అనుమతి ఉంది. యొకోసుకాలో జరిగింది గెలుపు, సింగపూర్‌లో జరిగింది వినోదం. పట్లు అవే, పడటాలు అవే, చెమట కూడా అదే. తేడా మీటింగు మినిట్స్‌లో ఉంది. రేస్ ఏడుసార్ల చాంపియనా, ఎనిమిదిసార్ల చాంపియనా అన్నది కూడా ఆ రెండు రోజుల మీదే ఆధారపడింది. ఏ పుస్తకం తెరిస్తే ఆ అంకె. ఈ వ్యవహారానికి వేదికైన రిక్కర్డ్ 1990ల మధ్యలో అదే కూటమికి కొంతకాలం అధ్యక్షుడయ్యాడు. అప్పటికి కూటమి చేతిలో మిగిలింది పేరు మాత్రమే, కాబట్టి ఆ పీఠం సుదూర దేశస్థుడికి ఇవ్వడానికి ఎవరికీ అభ్యంతరం రాలేదు.

డిపాజిట్ల కథ కూడా అక్కడితో ఆగలేదు. 1991లో తాను పనిచేస్తున్న కంపెనీ పెద్దతో చెడి బయటికి వెళ్లిన ఫ్లేర్, కట్టిన డబ్బు వెనక్కి రాలేదంటూ బెల్టును భుజాన వేసుకుని నేరుగా మెక్‌మాన్ టీవీలో ప్రత్యక్షమయ్యాడు. 1997 నవంబరు 9న మాంట్రియల్‌లో మెక్‌మాన్ కంపెనీ చాంపియన్ బ్రెట్ హార్ట్‌కు అంతకంటే గట్టి కాగితమే ఉంది: ఒప్పందం చివరి 30 రోజుల్లో తన కథ మీద తనకు సముచితమైన అదుపు ఉంటుందని రాసుకున్నాడు. అతను లొంగిపోయినట్టు సైగ చేయకుండానే మెక్‌మాన్ గంట కొట్టించి ఓడించాడు. గంట కొట్టేవాడు ఎవరి జీతగాడో ఒప్పందంలో రాసుకోలేదు.

న్యూజిలాండ్ నుంచి బయటికి వెళ్లినవాళ్ల అనుభవం మరో రకం. లూక్ విలియమ్స్, బుచ్ మిల్లర్ షీప్‌హర్డర్స్ పేరుతో ఏళ్ల తరబడి రక్తం కారేలా కొట్లాడారు. వాళ్ల పోటీలకు పిల్లల్ని తీసుకెళ్లడానికి పెద్దలు జంకేవాళ్లు. 1988 చివర్లో మెక్‌మాన్ కంపెనీలో చేరేసరికి ఆఫీసు వాళ్లకు కొత్త పాత్రలు రాసిపెట్టింది. పేరు బుష్‌వాకర్స్. చేతులు పైకీ కిందికీ ఊపుకుంటూ గంతులేస్తూ రావాలి, ఒకరి తల ఒకరు నాకాలి, అందుబాటులో ఉంటే ప్రేక్షకుల తలలు కూడా. 1991 రాయల్ రంబుల్ పోటీలో లూక్ చేతులు ఊపుకుంటూ రింగులోకి వచ్చాడు, ఎర్త్‌క్వేక్ అనే వస్తాదు ఎత్తి అవతల పడేశాడు, లూక్ ఊపు ఆపకుండా వచ్చిన దారినే వెళ్లిపోయాడు. మొత్తం 4 సెకన్లు. నెత్తురోడ్చిన ఏళ్లు తీసుకురాని పేరు ఆ నాకుడు తెచ్చింది. 2015లో కంపెనీ ఇద్దరినీ తన హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకుంది. బుకర్ తప్పు రాశాడని వాదించడానికి ఇక ఆధారం లేదు.

ఆక్లండ్ వాడైన టోనీ గారియా అయిదుసార్లు ట్యాగ్ టీమ్ చాంపియన్ అయ్యాక అదే కంపెనీలో తెరవెనుక ఏజెంటుగా స్థిరపడ్డాడు. ఎవరు గెలవాలో యజమాని చెబుతాడు, ఆ మాటను డ్రెస్సింగ్ రూముకు మోసుకెళ్లడం ఏజెంటు ఉద్యోగం. తెరవెనుక న్యూజిలాండ్‌కు దక్కిన పెద్ద పీటల్లో ఇదొకటి.

ఇప్పటి తరానికి కాగితమే రింగు. ఆక్లండ్‌లో ఆరితేరిన డకోటా కాయ్‌ను మెక్‌మాన్ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈ 2022 ఏప్రిల్‌లో ఉద్యోగం నుంచి తీసేసింది. జూలై 22న మెక్‌మాన్ పదవి వదిలాడు, కథల పెత్తనం అల్లుడు ట్రిపుల్ హెచ్ చేతికి వచ్చింది. 30న సమ్మర్‌స్లామ్ పోటీల్లో డకోటా కాయ్ ప్రత్యక్షం, సెప్టెంబరుకల్లా ట్యాగ్ టీమ్ చాంపియన్. మూడు నెలల్లో ఆమె కొత్త పట్టేమీ నేర్చుకోలేదు. కలం చేతులు మారింది. 2025 మేలో మళ్లీ తీసేశారు. జే వైట్ అనే మరో ఆక్లండ్ వస్తాదు 2023 ఫిబ్రవరిలో ఓడినవాడు జపాన్ వదిలి పోవాలి అనే షరతు మీద పోటీపడి ఓడాడు. ఏప్రిల్‌లో అమెరికాలో వేరే కంపెనీలో తేలాడు. రాజీనామా ఇవ్వడానికి కూడా టిక్కెట్టు పెట్టే వ్యాపారం ఇంకోటి లేదు.

2025 ఏప్రిల్ 20న లాస్ వేగాస్‌లో జాన్ సీనా 17వ సారి ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఫ్లేర్ పేరిట ఉన్న 16 సార్ల రికార్డు బద్దలైందని డబ్ల్యూడబ్ల్యూఈ ప్రకటించింది. ఆ 16లో సింగపూర్ గెలుపు లేదు. వెల్లింగ్‌టన్‌లో ఫ్లేర్ ఓడాడని ఒప్పుకుంటే సింగపూర్‌లో గెలిచాడనీ ఒప్పుకోవాలి, అప్పుడు ఫ్లేర్‌కూ 17 అవుతాయి, సీనా చేసింది సమం మాత్రమే. ఫ్లేర్ తన లెక్క 21కి తక్కువ కాదంటాడు. అధికారిక లెక్క మాత్రం ఇప్పటికీ 16.