చెవులా, నోరా?

లినక్స్‌లో బ్లూటూత్ హెడ్‌సెట్‌తో మాట్లాడాలనుకున్న ప్రతి మనిషీ ఈ మంట ఎరిగినవాడే. పాట కమ్మగా వినిపిస్తున్నంతసేపూ మైకు ఉండదు. మైకు కావాలంటే ప్రొఫైల్ మార్చాలి. మార్చామా, అవతలి గొంతు బాయిలోంచి వస్తుంది. చెవులో నోరో, ఏదో ఒకటి ఎంచుకోవాలట. గ్రామసభలో మనకు అలవాటైన పద్ధతే గానీ, ఇంట్లో కూడానా?

'వాట్సాప్ ఉంది కదా' అనకండి. కువైట్‌లో ఉన్న మా బామ్మర్దితో స్కైప్‌లో మాట్లాడేవాణ్ని. 2025 మే 5న అది మూతపడింది. "ఇగ కంపెనీలను నమ్మకు మామా" అంటూ మేనల్లుడు నా ల్యాప్‌టాప్‌లో మాట్లాడుకోవడానికి మంబుల్ ఎక్కించాడు. 2005 నుంచీ ఉన్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, పైసా ఖర్చు లేదు. 64738 పోర్టు తెరిచి, సర్వర్ నడిపించి, హైదరాబాద్ బస్సెక్కాడు. నేను మిగిలాను. లినక్స్‌లో చప్పుళ్ల సంగతి చూడడానికి ఆల్సా మీద పల్స్‌ఆడియో ఉండేదట, దాని కుర్చీలో ఇప్పుడు పైప్‌వైర్ కూర్చుందట. నా గొంతు కోసం ఎవరికి దరఖాస్తు పెట్టుకోవాలి?

"ఇనవడ్తుందా?"

"ఇనవడ్తుంది బావా, గని మేక ఒర్రుడే ఇనవడ్తుంది."

ఆ రోజు శనివారం. మా నవీపేట్‌లో శనివారమంటే మేకల సంత. ఎంత గట్టిగా ఉంటే మాట, ఎంతకు తగ్గితే ఉత్త చప్పుడు అనే గీత మంబుల్‌లో మనమే పెట్టుకోవాలి. నా గొంతు గీతకు కింద, మేకపోతు గొంతు పైన.

సంత మాట వచ్చింది కనుక చెబుతాను. పశువుల సంతల్లో పాతకాలం బేరగాళ్లు తువ్వాల కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి ధర చెప్పుకునేవాళ్లు. నోరు మెదపరు. పక్కన నిలబడ్డవాడికి తువ్వాల కదలడం ఒక్కటే కనిపిస్తుంది. ఒకడి మొహం మాడుతుంది, రెండోవాడు మాడినట్టు నటిస్తాడు, బేరం తెగిపోతుంది. డ్రైవరు అక్కర్లేదు, ప్రొఫైల్ అక్కర్లేదు, తువ్వాలకు అప్‌డేట్ రాదు. ఇక ఎన్‌క్రిప్షన్ అంటారా, పక్కనే నిలబడ్డ మేకకే తన ధర తెలియదు! కువైట్ నుంచి బామ్మర్ది చెయ్యి తువ్వాల కిందికి అందదు, అదొక్కటే లోపం.

ఆఖరికి బస్టాండు దగ్గర వైరున్న ఇయర్‌ఫోను కొన్నాను. గుచ్చగానే బామ్మర్ది పక్క గదిలో ఉన్నంత స్పష్టంగా వినిపించాడు. మొదటి మాట:

"బావా, ఫ్యాక్టరీ తెరుస్తరట, నిజమేనా?"

బోధన్ శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ సంగతి. 2015 డిసెంబరులో లేఆఫ్ అని చెప్పి మూసేశారు. వాళ్ల నాన్న బండ్ల కొద్దీ చెరుకు తోలింది అక్కడికే. ఎప్పుడు ఫోన్ చేసినా ఇదే అడుగుతాడు. స్కైప్ రోజుల్లో "కట్టయితుంది, మళ్ల మాట్లాడుదం" అని తప్పుకునేవాణ్ని. ఇప్పుడా దారి కూడా లేదు.

"మాటలు నడుస్తున్నయి రా, మిషిన్లే నడుస్తలేవు" అన్నాను. చాలాసేపు అటునుంచి ఏమీ వినిపించలేదు. లైను బాగానే ఉంది.

మీరూ ల్యాప్‌టాప్‌కు ఇయర్‌ఫోను కొనేటట్టయితే పిన్ను మీది గీతలు లెక్కపెట్టి కొనండి. మూడుంటే మైకు ఉన్నట్టు. రెండే ఉంటే అది వినడానికి మాత్రమే.