ఎత్తు చెప్పేవారి శాస్త్రం

చదరంగం ఆడేవాళ్ళ మీద పుస్తకాలు గుట్టలు గుట్టలు. పక్కన నిలబడి ఎత్తు చెప్పేవాళ్ళ మీద ఒక్క శాస్త్రమూ లేదు. ఏ ఆటకైనా ఆడేవాళ్ళు ఇద్దరే, చెప్పేవాళ్ళకు లెక్కే లేదు. అయినా పండితులు ఇంత పెద్ద వర్గాన్ని గాలికి వదిలేశారు. ఆ లోటు పూడ్చడానికే ఈ ప్రయత్నం. శాస్త్రమర్యాద కోసం వీరిని ఇకమీదట ‘ఉపదేష్టలు’ అందాం.

ఈ శాస్త్రం పుట్టిల్లు బళ్ళారి. ఇది ఊరి మీద మమకారంతో అంటున్న మాట కాదు. శ్రీకృష్ణదేవరాయలతో చదరంగమాడే బొడ్డుచర్ల తిమ్మన అనే కవి ఉండేవాడనీ, వందమంది ఒక్కటై వచ్చినా గెలుపు తిమ్మనదేననీ ఒక చాటువు చెబుతుంది. ఆ నేర్పుకు మెచ్చి రాయలు కొప్పోలు అగ్రహారం ఇచ్చాడని కూడా చెప్పుకుంటారు. 2021లో విజయనగర జిల్లా వేరుపడేదాకా హంపి మన జిల్లాలోదే కాబట్టి ఆ ఓటమి బళ్ళారి ఖాతాలోనే పడాలి. విమర్శకులు తిమ్మన ప్రతిభను చూశారు, రాయల రసికతను చూశారు. ఆ వందమంది ఏం చేస్తున్నారో ఒక్కరూ అడగలేదు. “ప్రభూ, గుర్రం” అని ఒకరు, “ప్రభూ, గుర్రం మాత్రం వద్దు” అని ఇంకొకరు. గజపతిని ఓడించినవాడు అరవైనాలుగు గళ్ళ దగ్గర చతికిలబడటానికి వేరే కారణం కావాలా?

నలుగురి తెలివి కలిస్తే బలం పెరగాలి కదా అని పూర్వపక్షం. దీన్ని ఖండించడానికి తర్కం అక్కర్లేదు, చరిత్ర చాలు. 1858లో పారిస్ ఒపేరాలో ఒక డ్యూకు, ఒక కౌంటు కూడబలుక్కుని పాల్ మోర్ఫీ మీద ఆడారు. పదిహేడు ఎత్తుల్లో కట్టు. మోర్ఫీ ఆఖర్న మంత్రిని సైతం ధారపోసి మరీ కట్టాడు. 1999లో గారీ కాస్పరోవ్ ఒకవైపు, లోకమంతా ఒకవైపు. ఎత్తుకు ఒక రోజు గడువు, ఓట్లు వేసి మరీ నిర్ణయం, 50 వేల మందికి పైగా జనం. నాలుగు నెలలు సాగి, 62 ఎత్తులకు లోకం చేతులెత్తేసింది. కాస్పరోవ్‌కు చెమటలు పట్టిన మాట నిజమే, ఆట కూడా గొప్పదే. కానీ చెమట పట్టించడం గెలుపు కిందికి రాదు.

2025లో మాగ్నస్ కార్ల్‌సన్ మీద 1,43,000 మంది దిగి, ఎట్టకేలకు డ్రా చేసుకున్నారు. ఈ డ్రాయే శాస్త్రానికి కీలకం. అది ఫ్రీస్టైల్ ఆట, అంటే వెనక వరస పావులు కలగాపులగంగా నిలబడతాయి. “ఇది సిసిలియన్, ఇక్కడ అందరూ బంటే తోస్తారు” అనడానికి వీల్లేదు. చదివి వచ్చినవాడూ చదవనివాడూ ఒకటే. నేర్చుకున్న ఓపెనింగులు అక్కరకు రాకపోయేసరికి జనం ఆలోచనలో పడ్డారు, ఆట నిలబడింది. ఇక గెలవాలంటే ఎంతమంది కావాలో త్రైరాశికం వేసి చూశాం. వందకూ సున్నాయే, 50 వేలకూ సున్నాయే కావడంతో లెక్క తెగలేదు.

క్షేత్ర పరిశీలనకు కోటగుడ్డ నీడన, టీ అంగడి ముందు పరిచిన ఒక బల్ల చాలు. ఒక బంటు ఎప్పుడో పోయింది. దాని స్థానంలో జీన్స్ ప్యాంటు గుండీ పెట్టారు. జీన్స్ కుట్టే ఊళ్ళో గుండీకి కరువేముంది? అది తెల్లవాడిదో నల్లవాడిదో ఆడే ఇద్దరికీ బాగా తెలుసు, కొత్తగా వచ్చిన ఉపదేష్టకు తెలీదు. అయినా మొట్టమొదట దాన్నే జరపమంటాడు. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకూ బళ్ళారి మైసూరుకూ పోయాయి గాని, సలహాలకు ఎవరూ సరిహద్దు గీయలేకపోయారు. “అన్నా, శకటు పోతాంది సూస్కో” అని కుడి చెవిలో, “మొదలు కుదురె తెగీరి” అని ఎడమ చెవిలో. మధ్యలో కూచున్నవాడు ఉగ్గాణి నోట్లో పెట్టుకుని, నమలడం మరిచిపోయి చూస్తుంటాడు.

ఉపదేష్టల్లో చాలా రకాలున్నాయి. ఓపెనింగుల పేర్లు వల్లించేవాడు, బల్ల మీద వేలు పెట్టేవాడు, ఆట ముగిశాక “నేను అప్పుడే అనుకున్నా” అనేవాడు. వీళ్ళు సామాన్యులు. అందరిలోకీ శ్రేష్ఠుడు ఏమీ చెప్పనివాడు. ఆడేవాడు పావు మీద చెయ్యి వెయ్యగానే “ప్చ్” అంటాడు, అంతే. ఆ ఒక్క శబ్దంతో మంచి ఎత్తు చచ్చిపోతుంది. లేని ప్రమాదం కోసం ఆడేవాడు బల్లంతా గాలించి, చేతిలోది వదిలేసి ఇంకోటి జరిపి, నిజంగానే ప్రమాదంలో పడతాడు. చూసేవాళ్ళు ఆటలో జోక్యం చేసుకోరాదనీ, చేసుకుంటే ఆర్బిటర్ బయటికి పంపవచ్చనీ ఫిడే నియమం. “ప్చ్” జోక్యమా, నిట్టూర్పా అన్నది మీమాంసకులు తేల్చవలసిన విషయం. టీ అంగడి దగ్గర ఆర్బిటర్ లేడు గనక ఇక్కడ దానికి పూర్తి స్వేచ్ఛ ఉంది.

సూత్రం: బల్లకు ఎంత దూరమైతే ఎత్తు అంత స్పష్టం. దీనికి మొన్నమొన్నటి ఉదాహరణ 2024 డిసెంబరు 12. సింగపూర్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ పద్నాలుగో ఆట. డింగ్ లిరెన్ యాభై ఐదో ఎత్తులో ఏనుగును ఎఫ్2లోకి దించాడు. ఎదురుగా కూచున్న గుకేశ్, మన చెన్నై తెలుగింటి కుర్రాడు, ఒక్క క్షణం తన కళ్ళను తానే నమ్మలేదు. ఫోనులో చూస్తున్నవాళ్ళకు ఆ సందేహమే లేదు, తెర పక్కన ఇంజన్ గీత ఒక్కసారిగా తలకిందులైంది. గుర్రం ఎటు దూకుతుందో నిన్న నేర్చుకున్నవాడు కూడా “అయ్యో, ఏనుగుల మార్పిడి ఎవడైనా చేసుకుంటాడా!” అని తల పట్టుకున్నాడు. నిజానికి ఇది ఉపదేష్టల వృత్తికి వచ్చిన పెద్ద గండం. ఇంజన్ చెప్పింది అప్పజెప్పేవాడు తప్పడు. తప్పనివాడితో వాదం ఎక్కడిది? వాదం లేని చోట రెండో టీ ఎవరు చెబుతారు? అందుకే మన బల్ల దగ్గర పెద్దలు కొందరు ఫోను జేబులోంచి తియ్యనివ్వరు. ఈ విషయంలో మా ఓటు పెద్దలకే.

చివరగా అధికారి లక్షణం, అంటే ఈ విద్యకు ఎవరు అర్హులన్నది. ఆడటం రాకపోవడం అడ్డు కాదు, రావడం కొంచెం అడ్డే. అర్హత పరీక్షించే పద్ధతి ఒకటే ఉంది. ఓడుతున్నవాడు విసిగిపోయి లేచి, కుర్చీ వెనక్కి జరిపి, “ఇంత తెలిసినోడివి, రా అన్నా, నువ్వే కూచో” అనాలి. నిజమైన ఉపదేష్ట ఆ కుర్చీ వైపు చూడడు. గడియారం చూసుకుని, “యాడ అప్పా, ఆదోని బస్సుకు టైమాయె” అంటాడు.