నోట్లో పుండు: నర్సాపురం పద్ధతి

బుగ్గ లోపల బియ్యపుగింజంత తెల్లమచ్చ కనిపించిందా? "వేడి చేసింది" అనండి. సబ్జా నీళ్ళు, కొబ్బరిబోండం, పటికనీళ్ళ పుక్కిలింత, మందులషాపు బీ కాంప్లెక్సు గోళీలు. ఈ వరసలో వెళితే రెండు నెలలు హాయిగా గడిచిపోతాయి. మూడు వారాల్లో మానని పుండు డాక్టరుకి చూపించాలని ఎవరైనా అంటే, నొప్పి లేదుగా అని దబాయించండి. మొదట్లో నొప్పి పెట్టకపోవడమే దీని మంచితనం.

చుట్ట మానక్కర్లేదు. మా మొగల్తూరు పెద్దమ్మ అడ్డపొగ తాగేది. అంటే వెలిగించిన కొస నోట్లోనే. పెదాలు బిగించి, రెండు చేతులా లేసు అల్లుకుంటూ, మధ్యమధ్య తడిసిన నుసిని తుపుక్కున అరుగు కిందకి ఊసేది. "దారం మీద నుసి పడదు, గాలికి చుట్ట ఆరదు" అని ఆవిడ శాస్త్రం. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది పల్లెజనం అంగిళ్ళు చూసి, అడ్డపొగ ఏం చేస్తుందో పిండ్‌బోర్గ్ బృందం 1971లో అచ్చేసిందని చెబితే, "అందులో నేను లేనుగా" అంది.

ముక్క తీసి పరీక్షకి పంపుతామంటే లేచి వచ్చేయండి. కత్తి తగిలితే క్యాన్సరు పాకుతుందని మాధవాయిపాలెం రేవులో పంటు ఎక్కేటప్పుడు ఎవరో ఒకరు చెబుతారు. సఖినేటిపల్లిలో దిగేసరికి అది సిద్ధాంతమైపోతుంది.

దీనికి అసలు వైద్యం చాలామటుకు కోతే. చిన్నగా ఉండగా తీసేస్తే ఒక్కోసారి దాంతోనే సరిపోతుంది, కరెంటు (రేడియేషను) పెట్టించుకునే పని కూడా పడదు. అందులో గొప్పేముంది? దవడ దాకా పోనివ్వండి. అప్పుడు కాల్లో సన్న ఎముక తీసి దవడకి అతికే పెద్ద ఆపరేషను చేయించుకోవచ్చు. మెడలో గడ్డ తగలకుండానే అక్కడి గ్రంథులు తీస్తామంటే ఒప్పుకోకండి. ముంబై టాటా ఆస్పత్రి వాళ్ళు 2015లో లెక్క చెప్పారు: ముందే తీసినవాళ్ళలో మూడేళ్ళకి 80 శాతం మంది బతికున్నారు, గడ్డ కనిపించేదాకా ఆగినవాళ్ళలో 67.5 శాతం. పన్నెండున్నర శాతం కోసం మెడ మీద గాటా!

ఆపరేషను తర్వాత కరెంటు పెట్టాలంటే ఆరు వారాల్లోపు మొదలెట్టాలంటారు. మధ్యలో సంక్రాంతి వస్తుంది, కోళ్ళని ఎవరు చూస్తారు? మొదలెట్టినా వారానికో రెండు రోజులు ఎగ్గొట్టండి. పుచ్చుపళ్ళు ముందే పీకించుకోమన్నా వినకండి, తర్వాత పీకిస్తే దవడ ఎముక మానకుండా సంవత్సరాల తరబడి కాలక్షేపం. ఆరోగ్యశ్రీ కార్డు బీరువాలో పట్టుచీరల కింద భద్రంగా ఉండాలి. ఈలోగా నాటువైద్యుడికి అరెకరం అమ్మి ఇవ్వండి.

పెద్దమ్మ ఇవన్నీ తు.చ. తప్పకుండా పాటించింది. చివరి మూడు నెలలూ ముక్కు గొట్టంలోంచి గంజి పోసేవాళ్ళం. మాట లేదు. రెండు వేళ్ళు పెదాల దగ్గర పెట్టి చుట్ట కావాలని సైగ చేసేది.