కొండమీద పెండ్లికి లగ్నం కన్నా ముందు వెలుతురు చూడండి

కార్తీకంలో తిరుమలలో పెండ్లి అనుకోగానే అందరూ అయ్యవారి దగ్గరికి పరిగెడతారు. ఆయన పంచాంగం తిప్పి, తెల్లవారుజాము నాలుగింటి లగ్నం దివ్యంగా ఉందంటారు. ఒప్పుకోకండి. ఆ వేళకి కొండమీద చీకటి, మంచు. మండపంలో ఉండేది ట్యూబులైట్ల వెలుగే, దాని కింద పెండ్లికూతురి ముఖం పాలిపోయినట్టు పడుతుంది. నవంబరులో ఇక్కడ పొద్దు పొడిచేది ఆరుంబావు ప్రాంతంలో. ఏడుకీ తొమ్మిదిన్నరకీ మధ్య లగ్నం ఉన్న రోజే మీ రోజు. లేదంటారా, ఇంకో రోజు చూడమనండి. మూఢం పోయేదాకా నెలలు ఆగినవాళ్ళం, వెలుతురు కోసం ఒక వారం ఆగలేమా? అందుకే ఫొటోగ్రాఫర్‌ని ముందు మాట్లాడుకుని, ఆయన్ని వెంటబెట్టుకుని అయ్యవారి దగ్గరికి వెళ్ళండి.

పాపవినాశనం రోడ్డులో టీటీడీ కళ్యాణ వేదిక ఉంది. 2016 నుంచి అక్కడ ఉచితంగా పెండ్లిళ్ళు జరుగుతున్నాయి. పురోహితుడు, మంగళవాద్యం, పసుపు కుంకుమ, కంకణాలు దేవస్థానమే ఇస్తుంది. డబ్బు మిగులుతుంది కదా, ఆ మిగిలిందంతా ఆల్బమ్‌కి పెట్టండి. మోకాళ్ళ నొప్పులతో కొండెక్కలేని అవ్వకి మనవరాలి పెండ్లి అంటే ఆ ఆల్బమే. ఆమె ఒక్కో పేజీ తిప్పుతూ మనవరాలి ముఖం కోసం వెతుక్కుంటుంది. అక్కడ ఎవరిదో వీపు కనిపించకూడదు.

మా వైపు రిసెప్షన్ ముందురోజు రాత్రి తిరుపతిలోనే అయిపోతుంది. ఎనిమిదిన్నరకల్లా ముగించేయండి. ఆలస్యంగా వచ్చినవాళ్ళు అలిగితే అలగనివ్వండి. నిద్రలేని కళ్ళ ఉబ్బు ఏ మేకప్‌కీ దాగదు. పూలజడ ఫొటోలు కూడా ఆ రాత్రే కానిచ్చేయండి. కొండమీద పూలన్నీ స్వామివేనని, భక్తులు తలలో పెట్టుకోకూడదని కదా ఆచారం.

ఇక జీలకర్ర బెల్లం. సుముహూర్తం అంటే అదే కాబట్టి దీన్ని మాత్రం ఎవరి ఇష్టానికీ వదలొద్దు. ముద్దని తమలపాకులో పెట్టి ఒకరి నెత్తిమీద ఒకరు ఉంచుతారు, అడ్డుతెర తీస్తారు, చూపులు కలుస్తాయి. అంతా రెండు మూడు క్షణాల పని. సరిగ్గా అప్పుడే మేనమామలూ పిన్నమ్మలూ గుప్పెళ్ళతో లేస్తారు. చివరికి ఫొటోలో మిగిలేది ఒక గాజుల చెయ్యి, ఒక జాకెట్టు వీపు, గాల్లో నాలుగు బియ్యపు గింజలు. కాబట్టి అక్షింతలు ముందుగా పంచకండి. చూపులు కలిశాక ఫొటోగ్రాఫర్ తల ఊపేదాకా పళ్ళెం పెండ్లికూతురి తమ్ముడి ఒళ్ళోనే ఉండాలి. తెర పట్టుకునేవాళ్ళకి కూడా ముందే చెప్పండి, పక్కకి లాగకుండా నిటారుగా, మెల్లగా కిందికి దించమని. అప్పుడు ముందు కళ్ళు కనబడతాయి, ఆ తర్వాత నవ్వు. తలంబ్రాలు మాత్రం అయ్యవారు చాలన్నా ఆపనివ్వకండి.

పదిన్నర దాటితే ఎండ నెత్తిమీదికొస్తుంది, కళ్ళకింద నీడలు పడతాయి. దర్శనం క్యూలో నిలబడాల్సిన వేళ అదే. కళ్యాణ వేదికలో పెండ్లయిన జంటకీ ఇరువైపుల తల్లిదండ్రులకీ, మొత్తం ఆరుగురికి, 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం ఉచితం. గుడిలోకి కెమెరా, ఫోను రెండూ పోవు కాబట్టి వెలుతురున్న పొద్దుని అక్కడ ఖర్చు పెట్టకండి. చుట్టాల భోజనాలు కానిచ్చేయండి, జంట మాత్రం మజ్జిగ తాగి ఆగాలి. నిండు కడుపుతో ముఖం బరువెక్కుతుంది.

సాయంత్రం నాలుగుంబావుకల్లా శిలాతోరణం దగ్గరుండాలి. గుడికి ఉత్తరాన కిలోమీటరు దూరమే. ఆ ఎర్రటి రాతి వంపు ముందు పసుపు బట్టల జంటని నిలబెడితే వేరే అలంకారమే అక్కర్లేదు. నవంబరులో ఐదూ నలభైకల్లా పొద్దు గుంకుతుంది. డ్రోను ఊసెత్తకండి, కొండమీద నిషేధం. గుడి ముందు రీల్సూ అంతే.

వానలొస్తాయి, నవంబరు వద్దని అందరూ అంటారు. నేను నవంబరే పెట్టుకోమంటాను. మబ్బు పట్టిన రోజు వెలుతురు ముఖమంతా ఒకే తీరుగా పరుచుకుంటుంది, పట్టుచీర జరీ మెరిసి కళ్ళల్లో గుచ్చదు. వానలు ముదిరితే ఘాట్ రోడ్డు మూసేస్తారన్నది మాత్రం నిజమే. 2021 నవంబరులో కొండచరియలు విరిగిపడి రాకపోకలు ఆగిపోయాయి. అందుకే జంటా, తల్లిదండ్రులూ, ఫొటోగ్రాఫర్ రిసెప్షన్ ముగియగానే ఆ రాత్రే పైకి చేరాలి. రూములు దొరకడం కష్టం. రెండు దొరికితే ఒకటి ఫొటోగ్రాఫర్‌కి ఇచ్చేయండి, లెన్సులకి చెమ్మ తగలకూడదు. పెదనాన్న వాళ్ళు కింద తిరుపతిలో లాడ్జిలో దిగొచ్చు. దారి తెరిస్తే పెండ్లికి వస్తారు, తెరవకపోతే ఆల్బమ్ చూస్తారు.