కోపమే బలమనుకున్నాను

కోపం వస్తే ఆట మెరుగవుతుందని చాలా ఏళ్లు నమ్మాను. చిన్నప్పటి నుంచి క్రికెట్ ఆడినవాణ్ణి. ఫోర్ ఇచ్చిన ఫాస్ట్ బౌలర్ ఆ కసితోనే పరిగెత్తుకొచ్చి మరుసటి బంతికి వికెట్ తియ్యడం చూసినవాణ్ణి. నడివయసులో గోల్ఫ్ మొదలుపెట్టినప్పుడు ఆ కసినే వెంట తీసుకెళ్లాను.

క్రికెట్లో బంతి మన మీదికి దూసుకొస్తుంది. గోల్ఫ్‌లో కదలకుండా పడి ఉంటుంది. 18 హోల్స్‌కు సుమారు నాలుగు గంటలు పడితే, క్లబ్ ఊపేది అందులో కొద్ది నిమిషాలే. మిగతాదంతా నడక, ఎదురుచూపు. చెడిపోయిన షాట్‌ను ఆ నడకంతా తలుచుకుంటూ పోయేవాణ్ణి. బంతిని చేరేసరికి కోపం ఇంకా ముదిరేది. గ్రిప్ బిగిసేది, ముంజేతులు రాయిలా అయ్యేవి. అలాంటప్పుడు మణికట్లు సాఫీగా తిరగవు, క్లబ్ వేగం పడిపోతుంది. బ్యాక్‌స్వింగ్ పూర్తికాకుండానే కిందికి లాగేసేవాణ్ణి. బంతి దూరం పోలేదని తర్వాతి షాట్‌కు మరింత బలం పెట్టేవాణ్ణి.

నిర్ణయాల్లో జరిగిన నష్టం ఇంకా పెద్దది. గోల్కొండ కోట దగ్గరి కోర్సులో ఓ ఉదయం నా మొదటి షాట్ ఫెయిర్‌వే పచ్చిక దారి తప్పి చెట్లలోకి పోయింది. "పక్కకి తీసి ఫెయిర్‌వేలో పెట్టండి సార్, ఒక్క షాటే పోతుంది" అన్నాడు నా బ్యాగ్ మోసే క్యాడీ. ఆ ఒక్కటీ అక్కడే రాబట్టాలని పంతం పట్టాను. రెండు కొమ్మల సందులోంచి నేరుగా హోల్ ఉన్న గ్రీన్ మీదికి కొట్టబోతే, బంతి కొమ్మకు తగిలి ఇంకా లోపలికి పడింది. అక్కణ్ణుంచీ అదే పంతం. ఒకటితో పోయేది నాలుగైంది. తప్పు నాదని తెలిసీ, దూరం సరిగ్గా చెప్పలేదని ఆయన మీద అరిచాను. వయసులో నాకంటే పెద్దవాడు. మారుమాట్లాడకుండా బ్యాగ్ ఎత్తుకున్నాడు. క్షమించమని అడగడానికి ఆ రోజు నాకు నోరు రాలేదు. పోయిన షాట్లకంటే అదే నన్ను ఎక్కువ బాధిస్తుంది.

అమెరికా ఆటగాడు బాబీ జోన్స్ కథ తర్వాత చదివాను. 1921లో, 19 ఏళ్ల వయసులో, స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో బ్రిటిష్ ఓపెన్ ఆడుతూ, మూడో రౌండు పదకొండో హోల్ దగ్గర ఇసుక బంకర్లో చిక్కుకున్నాడు. విసిగిపోయి పోటీనే వదిలేశాడు. తర్వాత అందుకు పశ్చాత్తాపపడ్డాడు. అదే సెయింట్ ఆండ్రూస్‌లో 1927లో ఆ టైటిల్ గెలిచాడు. 1930లో ఆనాటి నాలుగు ప్రధాన టైటిళ్లూ ఒకే ఏడాది సాధించాడు. ఆయన స్వింగ్‌ను జనం అంతకుముందే మెచ్చుకున్నారు. కోపాన్ని అదుపు చేసుకోవడం మాత్రం ఆయన నేర్చుకోవాల్సి వచ్చింది.

నా కోపం వెనక ఉన్నది అహంకారమని అప్పుడు అర్థమైంది. ఇంత సాధన చేశాను కాబట్టి బంతి నేను చెప్పినచోటికే పోవాలనుకున్నాను. ప్రపంచంలోకెల్లా గొప్ప ఆటగాళ్లు కూడా ఫెయిర్‌వే తప్పుతూనే ఉంటారు. నాకు మాత్రం తప్పకూడదని ఎవరు రాసిచ్చారు?

కోపం ఇప్పటికీ వస్తుంది. వచ్చినప్పుడు క్లబ్‌ను బ్యాగులో పెట్టి, ఇక్కణ్ణుంచి ఏది క్షేమమని క్యాడీని అడుగుతాను. చెప్పింది నాకు నచ్చకపోయినా అదే ఆడతాను.