చాసిస్‌కు టాకా

లారీ చాసిస్‌కు ఏదైనా తగిలించడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి బోల్టు బిగించడం, రెండోది వెల్డింగు కొట్టడం. ఆరాంఘర్ నుంచి శంషాబాద్ మీదుగా షాద్‌నగర్ వైపు సాగే 44వ నంబరు జాతీయ రహదారి మీద మొదటి పద్ధతి కంపెనీవాళ్లు బండితో ఇచ్చిన పుస్తకంలో దొరుకుతుంది. ఆ పుస్తకం ప్లాస్టిక్ కవరు విప్పకుండా సీటు కింద భద్రంగా ఉంటుంది. రెండో పద్ధతి సర్వీసు రోడ్డు మీద, ఎప్పుడు పడితే అప్పుడు దొరుకుతుంది.

తగిలించే వస్తువులకు అంతు లేదు. టూల్‌బాక్సు, నీళ్ల డ్రమ్ము స్టాండు, స్టెప్నీ కారియరు, వంట సామాను పెట్టె, నిచ్చెన, ముందు గార్డు, వెనక గార్డు, దిష్టి బొమ్మకు కొక్కెం. వీటిలో సగం లారీతో పాటు పుట్టినవి కావు. అన్నింటికీ మేస్త్రీ చెప్పే మందు ఒకటే: “టాకా కొడదాం.” అంటే వెల్డింగుతో అతికిద్దామని. చాసిస్సూ ఇనుమే, రాడ్డూ ఇనుమే, ఇనుముకు ఇనుము అతికితే నష్టమేంటన్నది అక్కడి సిద్ధాంతం.

నష్టం ఉక్కులోనే ఉంది. చాసిస్ అంటే బండి పొడవునా పోయే రెండు ఉక్కు దూలాలు. ఒక్కోదానికి ఒక నిలువు గోడ, పైనా కిందా రెండు అంచులు. లోడు పడి దూలం వంగినప్పుడు ఒక అంచు సాగుతుంది, రెండోది నలుగుతుంది. నిలువు గోడ నడిమి భాగానికి మాత్రం ఆ బాధ చాలా తక్కువ. అందుకే కంపెనీలన్నీ అంచుల జోలికి పోవద్దని, బెజ్జం వేయాలంటే గోడకే వేయమని చెబుతాయి. మేస్త్రీకి చెయ్యి అందేది మాత్రం అంచుకే. వెల్డింగు వేడికి పక్కనున్న ఉక్కు గుణం మారుతుంది, చల్లారేటప్పుడు లాగుడు మిగులుతుంది, అతుకు అంచున సన్నటి గాటు పడుతుంది. ఆ తర్వాతి పని స్పీడ్‌బ్రేకర్లు చూసుకుంటాయి. తీగను అటూ ఇటూ వంచితే తెగినట్టు, పగులు ఆ గాటు దగ్గరే మొదలవుతుంది. ఎంత ఖరీదైన ఉక్కు తెచ్చినా అతుకు దగ్గర ఈ అలసటను ఓర్చుకునే శక్తి మామూలు ఉక్కుకు ఉన్నంతే.

ఈ సర్వీసు రోడ్డు మీదుగానే 2008 మార్చి నుంచి, బిగింపును నమ్ముకున్న విమానాలు శంషాబాద్ విమానాశ్రయంలో దిగుతున్నాయి. బోయింగ్ 747నే తీసుకుంటే అందులో 60 లక్షల భాగాలున్నాయని, వాటిలో సగం రివెట్లు, బోల్టుల వంటి బిగింపు సామానేనని తయారుచేసినవాళ్ల లెక్క. అంటే 30 లక్షలు. సర్వీసు రోడ్డు దృష్టిలో ఇది కూలి డబ్బుల దుబారా. నాలుగు పెట్టెల రాడ్లు, ఇద్దరు కుర్రాళ్లు, మధ్యలో టీ ఉంటే రెక్కలు సాయంత్రానికి అతికిపోయేవి. విమానాలకు ఎక్కువగా వాడే 2024, 7075 రకం అల్యూమినియం మామూలు వెల్డింగు వేడికి బలం కోల్పోతుందని, పగుళ్లిస్తుందని ఇంజినీర్లు సాకు చెబుతారు. రివెట్లతో కలిపిన రేకుల్లో ఒకదానికి పగులు వస్తే అది పక్క రేకులోకి సులువుగా పాకదని కూడా చెబుతారు. విమానాశ్రయానికి కొంత దూరంలోని ఆదిభట్లలో అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారవుతున్నాయి. అక్కడికి శంషాబాద్ మేస్త్రీ ఒక్కడిని పంపితే ఆ ఫ్యాక్టరీ ఎంత ఆదా చేసేదో! అసలు విషయం లారీ.

బోల్టు సంగతి. తల మీద 10.9 అని ఉంటే దాని తన్యత బలం 1000 మెగాపాస్కల్స్, అందులో 90 శాతం దాకా సాగిపోకుండా ఓర్చుకుంటుందని అర్థం. బోల్టు పని అడ్డం నిలబడటం కాదు, రెండు లోహాలను జారనివ్వనంత గట్టిగా నొక్కి పట్టడం. ఆ నొక్కుడు సరిగ్గా కుదరాలంటే టార్క్ రెంచి కావాలి. సర్వీసు రోడ్డు మీద టార్క్ రెంచి అంటే పానాకు తొడిగిన పైపు.

2020 ఏప్రిల్ 1 నుంచి అమ్ముతున్న బీఎస్-6 లారీల్లో మరో చిక్కుంది. వెల్డింగుకు ముందు బ్యాటరీ, కంట్రోల్ యూనిట్ల కనెక్షన్లు తీయాలి. ఎర్త్ అతుకు పక్కనే పెట్టాలి. ఎర్త్ ముందు బంపర్‌కు తగిలించి వెనక టాకా కొడితే కరెంటు దారిలోని బేరింగులను పలకరిస్తూ పోతుంది. చాసిస్ లోపలి వైర్లకూ, గాలి బ్రేకు పైపులకూ నిప్పురవ్వలు అదనం.

ఇంతకీ వెల్డింగు పాపం కాదు. పెట్టెకు బ్రాకెట్టును వెల్డింగు కొట్టి, బ్రాకెట్టును చాసిస్ గోడకు బోల్టులతో బిగిస్తే కంపెనీ మాటా, మేస్త్రీ మాటా దక్కుతాయి.

టూల్‌బాక్సు ఊడితే పోయేది పానాలే. వెనక గార్డు అలా కాదు. వెనక నుంచి గుద్దిన కారు లారీ కిందికి దూరిపోకుండా ఆపడానికే అది ఉంది. టాకా మీద వేలాడే గార్డు దేన్నీ ఆపదు. మేస్త్రీ దగ్గర డ్రాయింగు లేదు, డ్రైవరు తెల్లారేసరికి బెంగళూరులో ఉండాలి, ఓనరుకు నెల తిరిగేసరికి కిస్తీ ఉంది. ముగ్గురి కష్టమూ నిజమే. వెనక వచ్చే కారులో మాత్రం ఆ ముగ్గురిలో ఎవరూ ఉండరు.

కాబట్టి బ్రేక్ ఇన్‌స్పెక్టర్లకు ఒక మనవి. ఫిట్‌నెస్‌కు వచ్చిన లారీ వెనక్కి నడిచి వెళ్లి, ఆ గార్డు బోల్టుల మీద ఉందో టాకా మీద ఉందో ఒక్కసారి వంగి చూడండి. కొత్త రంగు వేశారా లేదా అన్నది తర్వాత చూడొచ్చు.